థాయ్‌లాండు, ఫిలిప్పీన్సు: యాత్రికుని ధర్మము

విదేశయాత్ర చేసి వచ్చినవారిని ఇరుగుపొరుగువారు మొట్టమొదట అడుగు ప్రశ్న ఒక్కటే: “ఏ దేశము బాగున్నది?” థాయ్‌లాండును, ఫిలిప్పీన్సును చూచి వచ్చినవారికి ఈ ప్రశ్న మరింత తప్పనిది. రెండును ఆగ్నేయాసియా దేశములే. రెండింటను వరియన్నమే ప్రధానాహారము. రెండింటను సముద్రతీరములు నేత్రపర్వములు. 1967 ఆగస్టు 8వ తేదీన బ్యాంకాకులో ఆసియాన్ కూటమిని స్థాపించిన ఐదు దేశములలో ఈ రెండును ఉన్నవి. ఇన్ని సామ్యములుండుటచేత, ఒకే వీధిలోని రెండు దుకాణములను పోల్చినట్లు వానిని పోల్చుట యాత్రికులకు అలవాటైపోయినది. బసకు ఎంతయైనది, భోజనము ఎట్లున్నది, ఇంగ్లీషుతో పని జరిగినదా లేదా అను మూడు నాలుగు లెక్కలతో తీర్పు ముగియును.

సంఖ్యలను బట్టి చూచినచో తీర్పు థాయ్‌లాండు పక్షమే. 2019లో ఆ దేశమునకు సుమారు 4 కోట్ల మంది విదేశీయులు రాగా, ఫిలిప్పీన్సునకు వచ్చినవారు 80 లక్షలకు కొంచెము మించిరి. అయితే సంతకు వచ్చినవారి సంఖ్య సరకు గుణమును చెప్పదు. పైగా తెలుగు యాత్రికుని విషయమున ఈ పోలికకు మరియొక చిక్కు కలదు. అతడు ఇల్లు కదలకముందే రెండు తీర్పులను మూట కట్టుకొని పోవుచున్నాడు. థాయ్‌లాండు ‘మనదే’ననునది మొదటి తీర్పు. ఫిలిప్పీన్సు ‘తనదంటూ ఏమియు లేని’ దేశమనునది రెండవది. ఒకటి అభిమానమువలె కనిపించును, మరియొకటి నిర్లక్ష్యము. విచారించి చూచినచో రెండింటికిని మూలమొక్కటే. పరదేశములో తన ముఖమును మాత్రమే వెదకుకొను గుణమది.

మొదట థాయ్‌లాండును చూతము. అచ్చట దిగిన క్షణమునుండియు తెలుగువాని చెవికి పరిచితశబ్దములు సోకుచునే యుండును. 2006లో తెరచిన విమానాశ్రయము పేరు సువర్ణభూమి. లోపల అడుగిడినవారికి దేవాసురులు క్షీరసాగరమును మథించు మహాశిల్పము దర్శనమిచ్చును. విదేశీయులు బ్యాంకాకని పిలుచు రాజధానిని స్వదేశీయులు ‘క్రుంగ్ థేప్’ అందురు, అనగా దేవనగరము. అక్కడికి సుమారు 80 కిలోమీటర్ల దూరములో శిథిలములై నిలిచిన పాత రాజధాని ‘అయుత్థయ’. రాముని అయోధ్యయే ఆ పేరునకు మూలము. నేటి రాజవంశపు రాజులందరును రాములే. మొదటి రాముడు, రెండవ రాముడు అని వారిని లెక్కింతురు. బడిపంతులు ‘ఖ్రూ’, కళాశాలలో బోధించువాడు ‘ఆచాన్’. గురువు, ఆచార్యుడు అను మాటలు ఆ నోట అట్లు మారినవి. ఏప్రిలు నడుమ నీళ్లు చల్లుకొని వేడుకగా జరుపుకొను సంవత్సరాది పేరు ‘సొంగ్‌క్రాన్’, అది సంక్రాంతి.

ఇంత వినిన పిమ్మట యాత్రికుడు ‘ఇదంతయు ఇక్కడినుండి పోయినదే’యని పొంగిపోవుట సహజము. కాని ఆ పొంగు అతనిని అక్కడనే ఆపివేయుచున్నది. ఎరువు తెచ్చుకొన్న వస్తువును ఎవరును అంత శ్రద్ధతో అన్ని శతాబ్దులు పెంచి పోషింపరు. 1797లో మొదటి రామరాజు కాలమున కూర్చబడిన ‘రామకియెన్’ కావ్యము ఇందుకు నిదర్శనము. అందలి హనుమంతుడు బ్రహ్మచారి కాడు. సేతువును కట్టునపుడు రాళ్లను లాగివేయుచున్న రావణపుత్రిక, మత్స్యకన్యయైన సువన్నమచ్ఛను ఆతడు వరించును. ఈ చిత్రమును చూచి తెలుగు యాత్రికుడు నవ్వుటయో, కోపించుటయో జరుగుచుండును. రెండును తగవు. వ్యాసుని కథను తిక్కన తీర్చినపుడు అది తెలుగువారి భారతమైనది. దానిని అనువాదదోషమని ఏ పండితుడును అనడు. థాయ్ ప్రజలు రామకథను తమ కథగా చేసికొన్న తీరును అట్లే గ్రహింపవలెను. ఆ కథనే ముసుగులు ధరించి ఆడు ‘ఖోన్’ నాట్యమునకు 2018లో యునెస్కో గుర్తింపు లభించినది.

భాషోపాధ్యాయులకు మరియొక విశేషము చెప్పదగియున్నది. థాయ్ ప్రజలు ఒకరినొకరు పలుకరించుకొను మాట ‘సవత్‌దీ’. దాని మూలము సంస్కృతమున ‘స్వస్తి’. ఇది వేయి సంవత్సరములనాటి వారసత్వమని పలువురు తలంతురు. నిజమునకు 1930 తరువాతి దశకములో చూళాలంకరణ విశ్వవిద్యాలయమున బోధించుచుండిన ప్రయా ఉపకిత్ అను వ్యాకరణవేత్త ఈ మాటను ప్రచారమునకు తెచ్చెను. 1943లో ప్రభుత్వము దానిని స్వీకరించినది. అనగా ఇది వరదకు కొట్టుకొనివచ్చిన మాట కాదు. ఒక స్వతంత్రజాతి తెలిసి, ఎంచి, తన అవసరమునకు మలచుకొన్న మాట. దానిని ‘మనది’ అనుటకంటె, ‘వారు చేసికొన్నది’ అనుట సత్యమునకు దగ్గర.

ఆ స్వతంత్రత ఊరక నిలిచినది కాదు. ఆగ్నేయాసియాలో ఐరోపావారి ఏలుబడికి లోబడని దేశము ఇది ఒక్కటే. 1855లో బ్రిటిషువారితో వర్తక సంధి చేసికొని, 1893లోను 1907లోను ఫ్రెంచివారికి, 1909లో ఇంగ్లీషువారికి సరిహద్దు భూములను వదలుకొని, నడిమి భూమిని సయాము రాజులు కాపాడుకొనిరి. అధికముగా మాటాడక, ఎదుటివాని ముఖము చెడకుండ, పని సాధించుకొను ఆ నేర్పు రాజనీతిలోనే కాక ఇంటి మర్యాదలోను కనిపించును. దానికి వారి మాట ‘క్రెంగ్ చాయ్’. ఇంగ్లీషువారు దీనిని వివరించుటకు పేజీలు వ్రాయుదురు. తెలుగువానికి ఒక్క మాట చాలును: మొగమాటము. ఎదుటివానికి కష్టము కలుగునేమోయని తన యిష్టమును మింగికొనుట అది.

యాత్రికునికి దీనివలన ఒక బాధ్యత ఏర్పడుచున్నది. థాయ్ గృహస్థుడు అతిథి తప్పును ముఖము మీద చెప్పడు, చిరునవ్వు నవ్వును. ఆ నవ్వును అంగీకారమని భ్రమపడరాదు. పాదములను బుద్ధవిగ్రహము వైపు చాచరాదు. పిల్లవాని తలనైనను చేతితో తాకరాదు. గుడిలోనికి, ఇంటిలోనికి పాదరక్షలతో పోరాదు. స్త్రీలు భిక్షువును తాకరాదు. ఉదయము 8 గంటలకును, సాయంకాలము 6 గంటలకును బహిరంగస్థలములలో జాతీయగీతము వినిపించినపుడు కదలక నిలువవలెను. రాజకుటుంబమును అవమానించువారికి శిక్షాస్మృతి 112వ విధి క్రింద 3 నుండి 15 సంవత్సరముల కారాగారము కలదు. ఇవి నోటితో ఎవరును నేర్పరు, కన్నులతో నేర్చుకొనవలెను. పోలికలను చూచి ‘సొంత యిల్లే కదా’యని చొరవ చేయువాడే ఇచ్చట మొదట తప్పులో కాలు వేయును.

ఇక ఫిలిప్పీన్సు సంగతి. మనీలాలో దిగిన యాత్రికుని కనులకు చర్చి గోపురములు, స్పానిషు పేర్లు, ఇంగ్లీషు బోర్డులు కనిపించును. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట అమెరికా సైన్యము విడిచిపోయిన జీపులనుండి పుట్టిన రంగురంగుల ‘జీప్నీ’లు వీథులలో తిరుగుచుండును. ‘ఇందులో ఆసియా ఎక్కడ?’ అని అతడు పెదవి విరుచును. ఆ దేశము పేరే స్పెయిను రాజు రెండవ ఫిలిప్పు పేరు. 1565 మొదలు 333 సంవత్సరములు స్పెయిను ఏలినది. 1898లో స్పెయిను ఆ దీవులను 2 కోట్ల డాలర్లు పుచ్చుకొని అమెరికాకు అప్పగించినది. స్వదేశీయులు అదే సంవత్సరము జూను 12వ తేదీన స్వాతంత్ర్యము ప్రకటించుకొనిరి. దానిని ఎవరును లెక్క చేయలేదు. నడుమ జపాను వారి దురాక్రమణము. 1946 జూలై 4వ తేదీకి గాని స్వాతంత్ర్యము సిద్ధింపలేదు.

ఇంతటి చరిత్రను భరించిన జాతిని ‘అనుకరణజాతి’యనుట అన్యాయము. వారి ఇంటిపేర్లనే తీసికొందము. 1849లో గవర్నరు క్లావెరియా ఒక ఉత్తరువు పుట్టించి, ఇంటిపేర్ల పట్టికను ఊరూర పంపి, ప్రజలకు వానిని పంచిపెట్టించెను. కావున శాంతోస్, గార్సియా అను పేర్లను విని ‘వీరు స్పానిషువారు’ అనుకొనువాడు మనుష్యుని చూచుట లేదు. దొరతనపు దస్తావేజును చూచుచున్నాడు.

ఆ పై పొరను కొంచెము తొలగించినవారికి లోపల వేరొక లోకము కనిపించును. మనీలా నేషనల్ మ్యూజియములో లగూనా ప్రాంతమున దొరకిన రాగిరేకు ఒకటి కలదు. దాని మీద శకవర్షము 822. అనగా క్రీస్తుశకము 900. కావి లిపిలో, సంస్కృతపదములు కలసిన ప్రాచీన మలయు భాషలో వ్రాయబడినది. అందలి విషయము యుద్ధము కాదు, ప్రశస్తి కాదు. ఒక కుటుంబము అప్పు తీరిపోయినదని ఇచ్చిన చెల్లుపత్రము. రాజరాజనరేంద్రుని కొలువులో నన్నయ భారతమునకు పూనుకొనుటకు నూరేండ్లకు పైగా పూర్వము ఆ దీవులలో శకవర్షముతో తేదీ వేసి దస్తావేజు వ్రాయువారుండిరి. వారి నోట గురువు ‘గురో’, ముఖము ‘ముఖా’, ఆశ ‘ఆసా’, దేవత ‘దివాతా’. దక్షిణమున మిండనావో దీవిలోని మరనావో ముస్లిముల కథలలో రావణుడు ‘మహారాదియా లావనా’గా జీవించుచున్నాడు.

అయితే ఇచ్చట సయితము ‘మనది’యను తొందర పనికిరాదు. ఆ మాటలు అక్కడికి చేరినది మలయు, జావా దేశముల మీదుగా. చేరిన పిమ్మట అవి ఆ మట్టిలో వేరు పాతుకొన్నవి. ఫిలిప్పీను జాతి హృదయమును తెలిసికొనుటకు వానికంటె వారి సొంత మర్యాదలే మంచి దారి. పిన్నవాడు పెద్దవాని చేతిని అందుకొని తన నుదుటికి తాకించుకొనును. దానిని ‘మానో’ అందురు. పెద్దలతో పలుకు ప్రతి వాక్యమునకును ‘పో’ అను గౌరవవాచకమును చేర్చుదురు. తెలుగువాడు ఆ మాటను విని ‘పొమ్మను’చున్నారని నొచ్చుకొనవచ్చును గాని, అది అచ్చముగా తెలుగు ‘అండి’. థాయ్ భాషలో పురుషులు ‘ఖ్రప్’ అనియు, స్త్రీలు ‘ఖా’ అనియు వాక్యాంతమున చేర్చుదురు. మూడు భాషలకును చుట్టరికము లేదు. వినయము మాత్రము మూడింటను ఒక చిన్న మాటలోనే కూర్చున్నది. చేసిన మేలును మరువరాదను భావమునకు ఫిలిప్పీనుల మాట ‘ఉతాంగ్ నా లోఓబ్’, అంతరంగపు అప్పు. ఋణానుబంధమను మాట తెలిసినవారికి దీనిని వేరుగ వివరింపనక్కరలేదు.

స్పెయిను భాషనే ఆయుధముగా చేసికొని స్పెయిను దౌష్ట్యమును బట్టబయలు చేసిన జోసే రిజాల్ ఈ దేశపువాడే. కంటివైద్యుడగు ఆతడు 1887లో బెర్లినులో ‘నోలి మే తాంగెరె’ నవలను ప్రకటించెను. 1896 డిసెంబరు 30వ తేదీన, 35 ఏండ్ల వయసున, ఆతనిని కాల్చి చంపిరి. ఒక జాతికి పరభాష సంకెలయు కాగలదు, సంకెలను కోయు ఆకురాయియు కాగలదు. ఇంగ్లీషు చదువుల మంచిచెడ్డలను గూర్చి వాదించుకొను తెలుగు విద్యార్థులు రిజాలును చదువుట మేలు.

ప్రయాణసౌకర్యముల పోలికలోను ఇట్టి తొందరపాటే కలదు. థాయ్‌లాండు ప్రధానముగా ఒకే భూఖండము. బ్యాంకాకులో రాత్రి రైలెక్కినవాడు 751 కిలోమీటర్ల దూరముననున్న చియాంగ్ మైలో తెల్లవారి దిగును. ఫిలిప్పీన్సు 7,641 దీవుల సముదాయము. ఒక ఊరినుండి మరియొక ఊరికి పోవలెనన్న పడవయో విమానమో కావలెను. గాలివాన వచ్చినచో రెండును నిలిచిపోవును. 2013 నవంబరు 8వ తేదీన వచ్చిన తుపానులో తక్లోబాన్ నగరము నేలమట్టమై, ఆ ప్రాంతమున 6,000 మందికి పైగా మృతినొందిరి. దివిసీమ ఉప్పెనను ఎరిగిన తెలుగువారికి ఇది పరాయి దుఃఖము కాదు. పడవ ఆలస్యమైనదని విసుగుకొను యాత్రికుడు సముద్రమును ఆ జాతి ప్రతియేడు ఎట్లు ఎదుర్కొనుచున్నదో ఒకమారు తలచుకొనవలెను. పూర్వము ఊరివారందరు కలసి ఒకని ఇంటిని భుజములమీద మోసి వేరొక చోట నిలుపు ఆచారముండెడిది. ‘బాయనిహాన్’ అను ఆ మాట నేటికిని వారి పరస్పరసహాయమునకు పేరు.

తెలుగునాటికి ఈ దేశముతో నిజమైన సంబంధము ఒకటి పొలములో ఉన్నది. మనీలాకు దక్షిణమున లాస్ బానోస్‌లో 1960లో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వెలసినది. అక్కడ ఇండోనేషియా వరిని, తైవాను పొట్టి వరిని సంకరపరచి 1966లో ‘ఐ.ఆర్. 8’ను విడుదల చేసిరి. మరుసటి యేడే పశ్చిమగోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు ఆ విత్తనమును సాగుచేసి పేరు గాంచెను. ఆ వరిని కోసిన రైతు ‘ఇది ఎవరిది?’ అని అడుగలేదు. సంస్కృతియు విత్తనము వంటిదే. ఎక్కడినుండి వచ్చినదనుటకంటె ఎవరు పండించిరనునది ముఖ్యము.

ఇంకొక సంబంధము నేటిది. తెలుగు విద్యార్థులు పలువురు వైద్యవిద్యకై ఫిలిప్పీన్సునకు పోయినారు. ‘అక్కడ ఇంగ్లీషు చాలును’ అను మాట వారికి గొప్ప ఆకర్షణ. బడిలో, కచేరీలో అది నిజమే. రాజ్యాంగము ఇంగ్లీషును సయితము అధికారభాషగా అంగీకరించినది. కాని ఇంటి భాష తగాలొగో, సెబువానోయో, ఇలొకానోయో అగును. రోగి తన నొప్పిని పరభాషలో చెప్పుకొనజాలడు. కొన్ని సంవత్సరములు ఆ దేశపు అన్నము తిని, అక్కడి భాషలో పది వాక్యములైనను నేర్వనివాడు పట్టము తెచ్చుకొనవచ్చును. వైద్యుని చెవిని తెచ్చుకొనలేడు. థాయ్‌లాండులో పోలికయే తెర. ఫిలిప్పీన్సులో ఇంగ్లీషే తెర.

‘ఐదు దినములు విశ్రాంతికై పోవు సామాన్యునికి ఇంత చదువెందుకు?’ అని కొందరు ఆక్షేపింతురు. ఆక్షేపణలో కొంత న్యాయము లేకపోలేదు. సెలవులకు పోవువాడు పరీక్షకు పోవుట లేదు. కాని పొరుగింటికి విందుకు పోవువాడైనను ఆ యింటివారి పేర్లు తెలిసికొని పోవును గదా! ఒక నమస్కారము, ఒక కృతజ్ఞతావచనము, చేయరాని పనులు నాలుగు, ఆ దేశచరిత్రలో మూడు తేదీలు: ఇందుకు ఒక సాయంకాలము చాలును. 2024లో థాయ్‌లాండు భారతీయులకు వీసా లేకుండ 60 దినములు, 2025లో ఫిలిప్పీన్సు 14 దినములు ఉండుటకు అనుమతి ప్రకటించినవి. ఇట్టి నియమములు మారుచుండును గావున పయనమునకు ముందు చూచుకొనవలెను. 2024లో థాయ్‌లాండునకు పోయిన భారతీయులే 20 లక్షలకు మించిరి. ఇందరు పోవుచున్నపుడు వారి నడవడి ఒక్కొక్కరి సొంత విషయము కాజాలదు. పట్టాయా రాత్రివీథులను మాత్రమే చూచివచ్చి, కన్నుగీటి కథలు చెప్పువాడు ఆ జాతినే కాదు, తన జాతిని సయితము చిన్నబుచ్చుచున్నాడు.

ఇందు ఉపాధ్యాయుల పాత్ర గొప్పది. థాయ్ బడులలో విద్యాసంవత్సరారంభమున ‘వాయ్ ఖ్రూ’ అను గురువందనము జరుగును. పిల్లలు గరిక, నూరువరహాల పూలు, వంగపూలు తెచ్చి పంతుళ్లకు సమర్పింతురు. గరికవలె విద్య వ్యాపింపవలెననియు, సూదివంటి నూరువరహాల మొగ్గవలె బుద్ధి పదునెక్కవలెననియు, వంగపూవువలె శిరము వంచవలెననియు దాని భావము. ఫిలిప్పీన్సులో సెప్టెంబరు 5 మొదలు అక్టోబరు 5 వరకు ఉపాధ్యాయమాసము. అది భారతదేశపు ఉపాధ్యాయదినోత్సవము నాడే ఆరంభమగుచున్నది. ఈ రెండు సంగతులను భూగోళపు తరగతిలో పటము ముందు నిలిచి చెప్పినచో, ఆ దేశములు బాలురకు విహారస్థలముల పేర్లుగా కాక మనుష్యుల నివాసములుగా తోచును.

‘ఏ దేశము బాగున్నది?’ అను ప్రశ్నకు అప్పుడు అంత పని యుండదు. పెద్దవాడై ఏ విమానాశ్రయమున దిగినను, ‘ఈ యింటిలో ఎట్లు మెలగవలెను?’ అని ఆ విద్యార్థియే అడిగి తెలిసికొనును. బ్యాంకాకులో ఆ ప్రశ్నను కన్నులతో అడుగవలెను. మనీలాలో నోరు తెరచి అడిగి, చెవియొగ్గి వినవలెను. ఈ తేడాను ఎరిగి పోయినవానికి రెండు దేశములును తలుపు తీయును.